కొలామి రికార్డ్ చేసేటోళ్లకు ఒక చిట్కా

ఆదిలాబాద్ దిక్కు పోయి కొలామి (కొలాం ఆదివాసుల భాష) రికార్డ్ చేసుకొస్తున్న మన హన్మకొండ పిల్లలకు ఒక్క మాట, ఒకే మనిషి ఒకే పదాన్ని రెండు తీర్ల పలికితే ఒకటి తప్పని కొట్టెయ్యకుండ్రి, రెండూ రాసుకోండ్రి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో సహా. మన అమ్మమ్మ కూడ ఒకపారి స్కూలు అంటది, ఇంకోపారి ఇస్కూలు అంటది గదా. పదం మొదట్ల రెండు హల్లులు కలవొద్దు అనేది ఒక నిబంధన, లేని అచ్చును తెచ్చి పెట్టొద్దు అనేది ఇంకోటి, రెండిటి బలం దగ్గర దగ్గర ఉంటే ఒకపారి ఇది గెలుస్తది, ఒకపారి అది.

1993ల ప్రిన్స్, స్మొలెన్‌స్కీ తెచ్చిన ఆప్టిమాలిటీ థియరీల (ఇసొంటి నిబంధనల పోటీతోనే పలికే రూపం తేలుతదనే సిద్ధాంతం) ఏ నిబంధన బలం ఎక్కువ అనే వరుస మారకుండ గట్టిగ ఉంటది, బోయర్స్‌మా అనే భాషాశాస్త్రవేత్త ఆ నిబంధనల బలానికి అంకెలు పెట్టి కొంచెం ఊగేటట్టు చేసిండు. మాటల ధ్వనులను పరిశీలించే ఆయన ప్రాట్ సాఫ్ట్‌వేర్ ఫ్రీనే, మీ లెక్కలు, నిబంధనలు అండ్ల ఇస్తే దేని బలమెంతో అదే నేర్చుకుంటది.

ఇంకోటి, అడిగి చెప్పించుకున్న పదం వేరే, ముచ్చట్ల దొర్లిన పదం వేరే లెక్కెయ్యండ్రి, అడిగితే ఎవరైనా సాఫ్‌గనే పలుకుతరు (నేను మొదట్ల రెండూ కలిపేసి, మళ్ల మొత్తం ఇనుడాయె).