కొబ్బరి నూనె గడ్డకడితే పొయ్యి మీద పెట్టకండి

ధనుర్మాసం వచ్చిందంటే కోనసీమలో ప్రతి ఇంట్లోనూ ఇదే గోల. పొద్దున్నే తలకు రాసుకుందామని సీసా వంచితే చుక్క రాదు, నూనె గడ్డకట్టి ఉంటుంది. "మిల్లువాడు ఏదో కలిపేశాడు" అని మా పిన్ని ఏటా టెన్షన్ పడుతుంది. కల్తీ కాదు పిన్నీ, అది నూనె గుణం.

ఏ వంటనూనె అయినా దాదాపుగా గ్లిసరాల్ అనే చిన్న పదార్థానికి మూడు ఫ్యాటీ యాసిడ్ (కొవ్వు ఆమ్లం) గొలుసులు అతుక్కున్న అణువులే. కొబ్బరి నూనెలో ఆ గొలుసులు దాదాపు 90 శాతం సంతృప్తమైనవి, అంటే వంకర లేకుండా తిన్నగా ఉంటాయి. కట్టెలమోపులా దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడతాయి. నువ్వుల నూనెలో ఎక్కువ గొలుసులకు మధ్యలో వంపు ఉంటుంది. వంకర కట్టెలు మోపు కట్టి చూడండి, కుదురుగా నిలవవు కదా! అందుకే ఆవకాయ జాడీలో నూనె చలికాలంలోనూ పారుతుంది.

చేయాల్సింది చాలా సులువు. సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచండి, చాలు. చలి మొదలవగానే ఇరుకు మూతి సీసాలోంచి వెడల్పు మూతి డబ్బాలోకి మార్చేస్తే స్పూన్‌తో తీసుకోవచ్చు. తలకు రాసుకునేదైతే నాలుగో వంతు నువ్వుల నూనె కలపండి, అంత త్వరగా బిగుసుకోదు. డబ్బాలోకి తడి స్పూన్ మాత్రం పెట్టకండి, ముక్క వాసన వచ్చేస్తుంది.

అన్నట్టు, గడ్డకట్టింది కదా అని అసలైనదే అనుకోకండి. పామాయిల్ కలిపినా గడ్డకడుతుంది.