ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రోగ్రామ్ తప్పొస్తోందా? ఒకసారి పేపర్ మీద నడిపించండి

సీ లాంగ్వేజ్‌లో ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక చిట్కా. 153 ఇస్తే ఆర్మ్‌స్ట్రాంగ్ అని రావాలి కదా, దాని అంకెల ఘనాలు 1, 125, 27 కలిపితే మళ్లీ 153యే కాబట్టి, కానీ చాలామందికి ‘కాదు’ అనే వస్తుంది, నేనైతే ఫస్టియర్ ల్యాబ్‌లో గంటసేపు కోడ్ వైపు గుడ్లప్పగించి చూశా. అలా చూడకండి. నోట్‌బుక్‌లో ఎన్ (ఇచ్చిన నంబరు), డిజిట్ (దాని చివరి అంకె), సమ్ (ఘనాల మొత్తం) అని మూడు గడులు గీసి లూప్ తిరిగినప్పుడల్లా ఒక్కో లైన్ రాయండి. మొదట డిజిట్ 3, సమ్ 27, ఎన్ 15. తర్వాత 5, 152, 1. ఆ తర్వాత 1, 153, ఎన్ ఏమో 0. అక్కడే దొరికిపోతుంది, 10తో భాగించీ భాగించీ ఎన్‌ని మనమే సున్నా చేసేశాం, చివర్లో సమ్‌ని ఆ సున్నాతో పోలుస్తున్నాం! లూప్‌కి ముందే ఎన్‌ని టెంప్ అనే ఇంకో వేరియబుల్‌లో దాచుకుని టెంప్‌తో పోల్చండి. తిప్పి రాసినా అదే నంబరు వస్తుందా అని చూసే పాలిండ్రోమ్ ప్రోగ్రామ్‌లోనూ ఇదే గొడవ.

అన్నట్టు ప్రతి నంబరూ ఆర్మ్‌స్ట్రాంగే అని వస్తుంటే ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటే కొట్టారేమో చూడండి, జీసీసీ కంపైలర్‌లో డ్యాష్ డబ్ల్యూ ఆల్ (-Wall) అనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే అదే వార్నింగ్ ఇస్తుంది.