ఇంటి పచ్చడి, ఆన్‌లైన్ అంగడి – మూడో పాఠం: సీసా మీది చీటీ

గత పాఠంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, 14 అంకెల సంఖ్య ఎలా పొందాలో చూశాం. ఈ వారం ఆ సంఖ్యతో పాటు చీటీ మీద ఇంకేం రాయాలో నేర్చుకుందాం. అంగడికి వచ్చినవారు మూత తీయించి వాసన చూస్తారు, అరచేతిలో కాస్త వేయించుకుని రుచి చూస్తారు. ఫోన్‌లో బొమ్మ చూసి డబ్బు పంపేవారికి ఆ వీలు లేదు కనుక వారికి తెలియవలసినదంతా ఈ చీటీయే చెప్పాలి.

ముందుగా పదార్థాల జాబితా రాయండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం, కలిపేటప్పుడు బరువులో ఎక్కువ ఉన్నది మొదట, తక్కువ ఉన్నది చివర రావాలి. మన ఇళ్లలో ఆవకాయ సోలలతో, గిద్దలతో కొలిచి కలుపుతాం. సోలెడు ఉప్పు, సోలెడు కారం పళ్లెంలో సమానంగానే కనిపిస్తాయి గానీ తక్కెడలో ఉప్పే ఎక్కువ తూగుతుంది. అందువల్ల అమ్మకానికి కలిపే పచ్చడికి ప్రతి దినుసునూ తూచి, గ్రాముల్లో రాసుకోండి. జాబితా వరుస దానంతట అదే తేలుతుంది.

నూనె దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ‘వంట నూనె’ అని గానీ ‘మంచినూనె’ అని గానీ రాస్తే చాలదు, ఏ గింజ నూనెయో పేరు పెట్టి రాయాలి. మంచినూనె అంటే కొన్ని ఊళ్లలో నువ్వుల నూనె, మరికొన్ని ఊళ్లలో వేరుశనగ నూనె. పల్లీలు పడని బిడ్డ ఉన్న ఇంట్లో ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. గానుగ వేరుశనగ నూనె వాడితే ‘వేరుశనగ ఉంది’ అని అలర్జీ సమాచారంలో విడిగా రాయండి. ఆవాలు మన దేశపు తప్పనిసరి అలర్జీ జాబితాలో లేకపోయినా, పడనివారు ఉన్నారు కనుక ఆవపిండిని ‘మసాలా దినుసులు’ అన్న మాటలో కలిపేయకుండా పేరుతోనే రాయమని నా సలహా.

శాకాహార గుర్తు, అంటే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, సీసా బరువు తీసివేసిన నికర బరువు, మీ పేరు, చిరునామా ఉండాలి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. తెలుగును వాటికి తోడుగా వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా.

ఇక తయారీ, గడువు తేదీలు, విడత (బ్యాచ్) సంఖ్య. నేను అమ్మడం మొదలుపెట్టిన ఏడాది ఒకావిడ ఫోన్ చేసి, మాగాయలో బూజు కనిపించిందని చెప్పారు. తేదీ ఏముందని అడిగితే, నూనె కారి సిరా అలుక్కుపోయిందన్నారు. ఆ నెలలో నేను మూడుసార్లు మాగాయ కలిపాను. పాడైనది ఏ విడతదో తేల్చలేక, కొన్నవారందరికీ ఫోన్ చేసి తినవద్దని చెప్పి, ఇంట్లో మిగిలిన సీసాలన్నీ పారబోశాను. అప్పటి నుంచి ప్రతి కలుపుకూ ఒక సంఖ్య వేస్తున్నాను: ‘ఆ-0512-2’ అంటే ఆవకాయ, మే 12, ఆ రోజు రెండో కలుపు. అదే సంఖ్య కింద నోటుపుస్తకంలో కారం ఎక్కడ కొన్నానో, ఎన్ని సీసాలు నింపానో, అవి ఎవరెవరికి వెళ్లాయో రాస్తాను. సిరా లేకుండా వేడితో అచ్చువేసే థర్మల్ ప్రింటర్ అక్షరాలు నూనె తగిలితే వెలిసిపోతాయి; సీసాను పొడిగుడ్డతో తుడిచాకే చీటీ అంటించి, పైన పారదర్శక టేపు వేయండి.

ఈ వివరాలను అమ్మకానికి ముందే ఆన్‌లైన్‌లో కూడా చూపాలి. తయారీ తేదీ, గడువు తేదీ, విడత సంఖ్యలకు మాత్రం మినహాయింపు ఉంది. కొనేవారు డబ్బు కట్టేటప్పుడు గడువు చూడలేరు కాబట్టి, సరుకు చేతికి అందే నాటికి మొత్తం గడువులో 30 శాతం గానీ, కనీసం 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇ-కామర్స్ సంస్థలకు చెప్పింది. మీ సొంత వాట్సాప్ అమ్మకాలకూ ఇదే పాటించండి.

కొనేవారికి ఒక మాట. పార్సిల్ విప్పుతూ వీడియో తీయండి, మూత ఉబ్బిందేమో, గడువు ఎంత ఉందో చూడండి, 14 అంకెల సంఖ్యను ఫోస్కోస్‌లో సరిచూడండి. నూనె పచ్చడిలో ముక్కలపై కనీసం అర సెంటీమీటరు నూనె నిలవాలి, లేదా మొత్తంలో నూనె 10 శాతానికి తగ్గకూడదు అన్నది ప్రమాణం. బూజు పట్టిన పచ్చడిని పైపొర తీసేసి తినకండి. ఫొటో తీసి అమ్మినవారికి పంపండి. ఇ-కామర్స్ సంస్థ అయితే ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఈ వారం అభ్యాసం: మీరు కలిపే ఒక పచ్చడి దినుసులు తూచి, చీటీ రాసి, సీసాకు అంటించి, దానిపై నూనె చుక్క వేసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున తేదీ చదవగలిగితే ఆ చీటీ పనికొస్తుంది. వచ్చే పాఠం కోడి, రొయ్యల పచ్చళ్ల గురించి.