రెట్విక్ వెళ్తున్నారా? స్వెటర్ మర్చిపోకండి

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో రైలెక్కితే సుమారు మూడున్నర గంటల్లో రెట్విక్ అనే ఊరు. స్టేషన్ పక్కనే సిల్యాన్ సరస్సు, అందులోకి 628 మీటర్లు చొచ్చుకుపోయిన చెక్క వంతెన. ఒడ్డు దగ్గర లోతు తక్కువ, స్టీమర్లు రాలేవని అంత దూరం కట్టారట. సాయంత్రం చివరిదాకా నడవండి. నేను జులైయే కదా అని పలుచటి చొక్కాతో వెళ్లి, సగం దారిలోనే పళ్లు టకటకలాడించాను. రాత్రి తొమ్మిదైనా వెలుగే, చలి మాత్రం చలే.

మర్నాడు ఒడ్డు వెంబడి చర్చికి వెళ్లండి. పక్కన వరసగా పాత కొయ్య గుర్రపుశాలలు. ప్రార్థనకొచ్చిన రైతులు గుర్రాల్ని అక్కడ కట్టేసేవారు. దుంగల మీద చెయ్యేసి చూడండి, ఎండకు నెరిసి గరుకుగా తగులుతాయి.

దాల్‌హల్లాకు టికెట్ ముందే కొనండి. అది పాత సున్నపురాయి గని, 1995 నుంచి కచేరీ వేదిక. గుంత లోతు 60 మీటర్లు, వేదిక చుట్టూ నీళ్లు.

అడవిలో ఎవరి స్థలమైనా నడవొచ్చు, బ్లూబెర్రీలు కోసుకోవచ్చు, ఇళ్లకు దూరంగా ఒక రాత్రి టెంట్ వేసుకోవచ్చు. అక్కడ అది అందరి హక్కు. దోమల మందు మాత్రం మీదే బాధ్యత.