సూపర్‌హీరోల బలాన్ని భౌతికశాస్త్రంతో తేల్చే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్ళలో తెలుగు కుర్రవాళ్ళు నలుగురు చేరినచోట తరచు రేగే వాదనల్లో కామిక్ వీరుల బలం ఒకటి. హల్క్ గొప్పా సూపర్‌మ్యాన్ గొప్పా అని మొదలైన మాట గొంతులు పెరిగేదాకా సాగి, ఎటూ తేలకుండానే ఆగిపోతుంది. ప్లస్ టూ వరకు చదివిన భౌతికశాస్త్రం, ఒక తెల్లకాగితం, ఫోనులోని క్యాలిక్యులేటరు ఉంటే ఆ వాదనను చాలావరకు తేల్చవచ్చు. వీరుడు ఎంత బరువు ఎత్తాడన్న ప్రశ్నతో ఆగిపోకుండా, అతని బలం దేనిమీద ఆనింది, ఎంత దూరం పనిచేసింది అన్న రెండు ప్రశ్నలను వదలకుండా అడగడమే ఈ పద్ధతికి ప్రాణం.

మొదట సాక్ష్యాన్ని ఖాయం చేసుకోవాలి. ఒకే వీరుడి శక్తి దశాబ్దాల మీద, రచయితలు మారినప్పుడల్లా మారుతూ వచ్చింది కనుక, ఏ కాలపు వీరుడి గురించి, ఏ సంచికలోని ఏ బొమ్మ గురించి మాట్లాడుతున్నారో కాగితం పైభాగాన రాయాలి. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో పుట్టిన సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. మైలులో ఎనిమిదో వంతు దూరం గెంతగలడని, ఇరవై అంతస్తుల భవనాన్ని దాటగలడని, ఎక్స్‌ప్రెస్ రైలు కంటే వేగంగా పరుగెత్తగలడని మాత్రమే ఆ సంచిక చెబుతుంది. ఒకరు ఈ సూపర్‌మ్యాన్‌ను, మరొకరు గ్రహాలను కదిలించే తరువాతి కాలపు సూపర్‌మ్యాన్‌ను మనసులో పెట్టుకుని మాట్లాడితే ఆ వాదన తెల్లవార్లూ సాగినా తెగదు.

తరువాత చేయవలసినది, మనుషుల బలానికి ఒక కొలత పక్కన పెట్టుకోవడం. 2016లో బ్రిటన్ బలశాలి ఎడ్డీ హాల్ 500 కిలోల బరువును నేల మీద నుంచి నడుము నిటారయ్యేదాకా ఎత్తాడు. 2021లో జార్జియా దేశపు వెయిట్‌లిఫ్టర్ లాషా తలఖాద్జే 267 కిలోలను తల మీదికి ఎత్తాడు. మన వైపు ఈ మాట రాగానే వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ఆయన ఛాతీ మీద ఏనుగును నిలిపేవారన్నది ప్రసిద్ధమైన విషయం. అయితే మూడు టన్నుల ఏనుగును భరించడాన్ని మూడు టన్నులు ఎత్తడంగా లెక్కలో రాయకూడదు. భరించేటప్పుడు బరువు శరీరం గుండా నేలలోకి దిగిపోతుంది, కదలిక లేదు కనుక పని జరగదు. ఆ బరువు పావు చదరపు మీటరు మేర పరుచుకుంటే పీడనం వాతావరణ పీడనానికి కాస్త ఎక్కువగా ఉంటుంది. ఆ ఒత్తిడికి పక్కటెముకలు లొంగకుండా నిలబెట్టుకోవడం అసాధారణమైన సాధన. దానిని దానిగానే గౌరవించాలి. భరించడం, ఎత్తడం, విసరడం అనే మూడింటికీ కాగితం మీద మూడు వేరువేరు గడులు గీసుకోవడం మంచిది.

ఇక లెక్క. 1938 నాటి గెంతునే తీసుకుందాం. మైలులో ఎనిమిదో వంతు అంటే సుమారు 201 మీటర్లు. 45 డిగ్రీల కోణంలో గెంతినప్పుడు దూరాన్ని గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే నేలను వదిలే వేగం వస్తుంది. 201ని 9.8తో గుణిస్తే 1970, దాని వర్గమూలం సెకనుకు సుమారు 44 మీటర్లు, అంటే గంటకు 160 కిలోమీటర్లు. ఈ వేగమంతా మోకాళ్ళు వంచి లేచే ఆ అర మీటరు దూరంలోనే రావాలి. వేగ వర్గాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం 1970 అవుతుంది, అంటే గురుత్వానికి 200 రెట్లు. మనిషి బరువు 100 కిలోలనుకుంటే కాళ్ళు నేలను తన్నే బలం 20 టన్నుల బరువుకు సమానం. అదే సంచిక ముఖచిత్రం మీద అతను ఎత్తిన కారు ఒకటిన్నర టన్నులకు మించదు కనుక, కారు కంటే గెంతే పెద్ద సాక్ష్యం. రెండు సాక్ష్యాలు వేరువేరు అంకెలు ఇచ్చినప్పుడు పెద్దదానిని కనీస బలంగా తీసుకోవాలి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఆగకూడదు. ఆ 20 టన్నులు రెండు పాదాల కింద, సుమారు 400 చదరపు సెంటీమీటర్ల మీద పడతాయి. పీడనం 5 మెగాపాస్కల్స్. ఇళ్ళకు వాడే ఎం20 కాంక్రీటు 20 మెగాపాస్కల్స్ వరకు నలగకుండా ఓర్చుకుంటుంది కనుక రోడ్డు మీద నుంచి గెంతితే ఇబ్బంది లేదు. పర్లాకిమిడిలో ఏదో ఒక డాబా మీద నుంచి గెంతితే మాత్రం సంగతి వేరు: మనుషులు తిరిగే డాబా స్లాబును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు లెక్కగట్టి పోస్తారు. 20 టన్నులు ఒకేచోట పడితే కాంక్రీటు పిండి కాకపోయినా స్లాబు విరిగి వీరుడు కింది గదిలోకి దిగుతాడు, గెంతు పూర్తి కాదు. మెత్తని పొలంలోనైతే కాళ్ళు మోకాళ్ళదాకా కూరుకుపోతాయి.

రైలును ఆపే దృశ్యానికి కూడా ఇదే పరీక్ష పెట్టాలి. బరంపురం మీదుగా వెళ్ళే హౌరా–చెన్నై మార్గంలో 1200 టన్నుల రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకుందాం. దాని గతిశక్తి సుమారు 46 కోట్ల జౌళ్ళు. దానిని 100 మీటర్లలో ఆపాలంటే దాదాపు 470 టన్నుల బరువంత బలం ఎదురుపెట్టాలి. వీరుడి చేతుల్లో అంత బలం ఉందని ఒప్పుకున్నా, 100 కిలోల మనిషి పాదాలకు నేలతో ఉండే ఘర్షణ 100 కిలోల బరువుకు అటూఇటూగానే ఉంటుంది. కండబలం ఎంత పెంచినా ఈ ఘర్షణ పెరగదు. అతను పట్టాల కింది స్లీపర్లకు కాళ్ళు తన్నిపెట్టాలి, లేదా అతనికి ఎగిరే శక్తి ఉండి గాలిలో నుంచే ఎదురు నెట్టగలగాలి. రెండోది ఒప్పుకుంటే అది బలం ఖాతాలోకి రాదు, ఎగిరే శక్తి ఖాతాలోకి వెళ్తుంది. అభిమానులు ఈ తేడాను గుర్తించిన రోజున సగం గొడవలు అక్కడికక్కడే సర్దుకుంటాయి. అవతలివారు టన్నుల అంకెలు ఏకరువు పెడుతుంటే, “బావా, ముందు కాళ్ళు ఎక్కడ ఆనించాడో చెప్పు, తరువాత టన్నులు మాట్లాడదాం” అనడం చాలు.

పైనుంచి పడిపోతున్న మనిషిని పట్టుకునే దృశ్యం గెంతు లెక్కకు తిరగేసిన రూపమే. గాలి నిరోధాన్ని వదిలేస్తే 100 మీటర్లు పడిన మనిషి వేగం అదే 44 మీటర్లు. చేతులు అర మీటరు వంచి ఆపితే అదే 200 రెట్ల త్వరణం, ఈసారి ఆ దెబ్బ కాపాడబడే మనిషి వెన్ను మీద పడుతుంది. వీరుడు తోడుగా కిందికి దిగుతూ, పది మీటర్ల దూరంలో నెమ్మదింపజేస్తే ఆ త్వరణం గురుత్వానికి పది రెట్లకు తగ్గి ఆ మనిషి దక్కుతాడు. ఈ లెక్కను నేర్పుకు మార్కులు వేయడానికి వాడాలి, బలానికి కాదు.

సాలీడు, చీమ వంటి వాటి బలాన్ని మనిషి సైజుకు పెంచి చెప్పే వాదన వస్తే గెలీలియో 1638లోనే చూపిన సూత్రం పట్టుకోవాలి. పొడవు పెరిగితే కండ బలం దాని అడ్డుకోత వైశాల్యంతో, అంటే వర్గంగా పెరుగుతుంది. బరువు ఘనంగా పెరుగుతుంది. ఒక సెంటీమీటరు పురుగు తన బరువుకు 50 రెట్లు మోయగలదనుకుని 170 సెంటీమీటర్లకు పెంచితే, అది తన బరువులో మూడో వంతు కూడా మోయలేదు. స్పైడర్‌మ్యాన్ బలాన్ని కథలో ఇచ్చిన వరంగానే ఒప్పుకోవాలి, సాలీడు నుంచి లెక్కగట్టి తేకూడదు.

అన్నిటికంటే కష్టమైన సాక్ష్యం 1984 నాటి మార్వెల్ కామిక్ సీక్రెట్ వార్స్ నాలుగో సంచికలో ఉంది. అందులో హల్క్ 15,000 కోట్ల టన్నుల పర్వతాన్ని మోస్తాడు. ఆ అంకెను ముందు కంటికి ఆనేలా మార్చుకోవాలి: గజపతి జిల్లాలోని మహేంద్రగిరి అంత, అంటే 1501 మీటర్ల ఎత్తున శంఖువు ఆకారపు కొండ ఉండి, దాని అడుగు 12 కిలోమీటర్ల వెడల్పు ఉంటే అంత రాయి అవుతుంది. బరువు న్యూటన్లలో 15 పక్కన 14 సున్నాలు. హల్క్ అరచేతులు రెండూ కలిపి 1000 చదరపు సెంటీమీటర్లనుకున్నా, రాతి మీద పడే పీడనం గట్టి గ్రానైటు ఓర్చుకోగలిగినదానికి ఏడున్నర కోట్ల రెట్లు. చేతులు నలగకపోతే రాయి నలుగుతుంది. కొండ అతని చుట్టూ కిందికి దిగి కూర్చుంటుంది. కాళ్ళ కింది నేలకూ అదే గతి.

కాబట్టి వాదన మొదలు కాకముందే ఇద్దరూ ఒక మినహాయింపు రాసుకోవాలి. వీరుడు తాకిన వస్తువూ, అతను నిలబడిన నేలా విరగవని ఒప్పుకుంటారా, ఒప్పుకోరా? ఒప్పుకుంటే హల్క్‌కు ఆ 15,000 కోట్ల టన్నులూ భరించే గడిలో రాయాలి, సూపర్‌మ్యాన్‌కూ అదే మినహాయింపు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే ఆ బొమ్మను ఇద్దరి లెక్కలోంచీ తీసేసి, నేల ఓర్చుకోగల చిన్న సాక్ష్యాలతోనే తేల్చుకోవాలి. చివరికి వచ్చిన రెండు అంకెల మధ్య తేడా పది రెట్లకు లోపు ఉంటే, మనం ఊహించుకున్న దూరాలూ వైశాల్యాలూ అంతమాత్రం తప్పే అవకాశం ఉంది కనుక, సమానమని రాసి తరువాతి బొమ్మకు వెళ్ళాలి.