పెద్దపేగు క్యాన్సర్ కణాలు మొండికేస్తే: సమస్య – పరిష్కారం

ల్యాబ్‌లో పెద్దపేగు క్యాన్సర్ కణాలు పెంచుతుంటే మొదట సీరాన్ని (పోషణకు కలిపే రక్తద్రవం) అనుమానిస్తాం, తర్వాత ఇంక్యుబేటర్‌ని. చాలాసార్లు తప్పు ఆ రెంటిలోనూ ఉండదు. ఆ లైన్ (ఒకే మూలం నుంచి తీసి ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాల వంశం) స్వభావం మనకు తెలియకపోవడమే అసలు చిక్కు.

రాత్రికి రాత్రే మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) పసుపెక్కింది

ఎస్‌డబ్ల్యూ480, ఎస్‌డబ్ల్యూ620 అనే లైన్లతో ఇది తరచూ వస్తుంది. రెండూ ఒకే మనిషివి: మొదటిది పేగులోని కణితి నుంచి, రెండోది తర్వాత లింఫ్ గ్రంథికి పాకిన క్యాన్సర్ నుంచి తీసినవి. వీటిని ఎల్-15 మీడియాలో పెంచమని రాసి ఉంటుంది. మనం అలవాటుగా 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టేస్తాం. ఎల్-15లో బైకార్బనేట్ ఉండదు. అది మామూలు గాలి కోసం చేసిన మీడియా. కరిగిన వాయువు ఆమ్లమవుతుంది, దాన్ని అడ్డుకునే బైకార్బనేట్ లేక మీడియా పసుపెక్కుతుంది.

ముందు మైక్రోస్కోప్ కింద చూడండి. మీడియా మసకగా, పాలు కలిపినట్టుంటే బ్యాక్టీరియా చేరింది, పారేయండి. కణాలు కిక్కిరిసి ఉంటే పాసేజ్ (కణాలను విడదీసి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చడం) ఆలస్యమైంది. కణాలు పలచగా, మీడియా తేటగా ఉండి కూడా పసుపెక్కితే కారణం వాయువే. గాలి చొరబడని మూత బిగించి పెట్టండి, లేదా కార్బన్ డయాక్సైడ్ లేని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌కు మార్చండి. ఆ వసతి లేకపోతే రెండు మూడు పాసేజ్‌లలో పాత మీడియా తగ్గిస్తూ డిఎంఇఎంకు (బైకార్బనేట్ ఉన్న మీడియా) అలవాటు చేయండి. ఆ మార్పు నోట్‌బుక్‌లో తప్పక రాయండి. ఎల్-15లో గ్లూకోజ్ బదులు గాలక్టోజ్ ఉంటుంది కాబట్టి, జీవక్రియ మీద పనిచేసేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

సగం కణాలు తేలుతున్నాయి

కోలో 205 లైన్ అయితే కంగారొద్దు. అది కొంత అంటుకుని, కొంత తేలుతూనే పెరుగుతుంది. మీడియా మార్చేటప్పుడు తేలినవాటిని చచ్చినవనుకుని నేను వారాల తరబడి పారబోశాను. ఒక్కసారి ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలి రంగు) వేసి చూస్తే, నీలం పట్టక మెరుస్తున్నాయి! తేలినవాటిని నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి మళ్లీ ఫ్లాస్క్‌లో కలపండి.

ట్రిప్సిన్‌కు (కణాలను ఫ్లాస్క్ నుంచి ఊడదీసే ఎంజైమ్) ఊడవు, ఊడినా ముద్దలే

హెచ్‌టి-29, కాకో-2 ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. మిగిలిన సీరం ట్రిప్సిన్‌ను పనిచేయనివ్వదు, కాల్షియం ఆ పట్టును నిలబెడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లేని ఉప్పు ద్రావణం పిబిఎస్‌తో రెండుసార్లు కడిగి, ట్రిప్సిన్-ఇడిటిఎ (ఇడిటిఎ కాల్షియాన్ని పట్టేస్తుంది) వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచి చూస్తుండండి. ఫ్లాస్క్‌ను చేత్తో తట్టకండి, ముద్దలు కట్టేది అక్కడే.

నిండిన కాకో-2 పొరలో అక్కడక్కడ బుడగల్లా ఉబ్బులు కనిపిస్తే అది రోగం కాదు. పొర నీటిని కిందికి తోడుతోంది, అంటే ఆరోగ్యంగా ఉంది.

రెండు లైన్లలో ఫలితం అచ్చం ఒకటే

డిఎల్‌డి-1, హెచ్‌సిటి-15 ఒకే మనిషివి. వైడర్ నిజానికి హెచ్‌టి-29యే. వీటిని వేర్వేరు రోగులుగా లెక్కేసి ఉంటే ఆ ప్రయోగానికి మరో లైన్ చేర్చాల్సిందే. వయల్ (కణాలున్న చిన్న సీసా) రాగానే ఎస్‌టిఆర్ పరీక్ష (డిఎన్‌ఎ గుర్తులతో లైన్ ఏదో తేల్చేది), మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా కోసం పిసిఆర్ (డిఎన్‌ఎను వెతికే పరీక్ష) చేయించండి. మైకోప్లాస్మా మీడియాను మసకబార్చదు, అందుకే కంటికి దొరకదు. హెచ్‌సిటి116లో డిఎన్‌ఎ తప్పులు దిద్దే వ్యవస్థ చెడి ఉంటుంది. అందుకే ఎస్‌టిఆర్‌లో ఒకటి రెండు గుర్తులు మారితే వెంటనే వేరే లైన్ అనుకోవద్దు. దాన్ని ఎక్కువ పాసేజ్‌లు లాగకుండా, తొలినాళ్లలో ఫ్రీజ్ చేసిన వయల్ తీసి మళ్లీ మొదలుపెట్టండి.