ప్రోవాన్స్ వైన్‌లకు తగిన వంటకాలను ఎంచుకోవడం

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ప్రోవాన్స్‌లో తయారయ్యే వైన్‌లో అధిక భాగం గులాబీ రంగు రోజే రకమే కనుక, ముందుగా దానిని ఎంచుకుని, సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచి, వెల్లుల్లి, ఆలివ్ నూనెలతో చేసే అయోలీ అనే చిక్కని సాస్‌కు, కాల్చిన చేపలకు జతగా వడ్డించాలి. మరీ చల్లబరిస్తే సువాసన అణగిపోతుంది.

మార్సేయ్ నగరపు చేపల సూప్ బూయాబేస్‌కు మాత్రం, 1936లోనే ప్రాంతీయ గుర్తింపు పొందిన పొరుగు రేవు కాసీ తెల్ల వైన్ మెరుగని నా అభిప్రాయం. సూప్‌లోని కుంకుమపువ్వు, సోంపు పరిమళాలను అది కప్పివేయదు.

ప్రోవాన్స్‌లోనే ఉన్న బాందోల్ ప్రాంతపు ఎర్ర వైన్‌లో కనీసం సగం మూర్వేద్ర్ ద్రాక్ష ఉండాలి, అది కొయ్య పీపాల్లో 18 నెలలైనా మాగాలి. వగరు ఎక్కువ కనుక కొన్నేళ్లు నిల్వ ఉంచి, వడ్డనకు గంట ముందు మూత తీసి, కాల్చిన గొర్రె మాంసంతో అందించాలి.